స్పానిష్‌లో నా, నీ, వాళ్ళ: 'మా అమ్మ' న్వెస్త్రా మాద్రె ఎందుకు కాదు?

మీరు పంపిన మూడు వాక్యాలూ చూశాను. సెప్టెంబరులో స్పెయిన్‌లోని వాలెన్సియాకి చదువుకి వెళ్తున్నారు, ఆరు నెలలుగా యాప్‌లో స్పానిష్ నేర్చుకుంటున్నారు, మాక్ టెస్టులో ఈ మూడు దగ్గరే దెబ్బ తిన్నానన్నారు. మిగతావాళ్ళకీ పనికొస్తుందని ఆ వాక్యాలు ఇక్కడ పెడుతున్నాను. ఒకటి, 'మా అమ్మ గుంటూరులో ఉంటుంది' అనడానికి 'న్వెస్త్రా మాద్రె బీబె ఎన్ గుంటూరు'. రెండు, 'వాళ్ళు వాళ్ళ ఇల్లు అమ్ముతున్నారు' అనడానికి 'బెందెన్ సుస్ కాసా'. మూడు, 'చేతులు కడుక్కుంటాను' అనడానికి 'లాబో మిస్ మానోస్'. చివర్లో ఇంకో ప్రశ్న అడిగారు: సు అనే మాటకి ఒకచోట అతని, ఒకచోట ఆమె, ఇంకోచోట మీ అని అర్థాలు చెబుతున్నారు, ఏది ఎప్పుడో ఎలా తెలుస్తుంది, బుర్ర వేడెక్కిపోతోంది అని. అక్కడి అద్దె ఇంటాయనకి ఏమని మెసేజ్ పెట్టాలి అని కూడా అడిగారు.

నేను పదమూడేళ్ళు హైదరాబాదులో స్పానిష్ కస్టమర్ల కాల్స్ తీసుకున్నాను. ఇప్పుడు సాయంత్రాలు పదిమందికి పాఠాలు చెబుతున్నాను. ఈ మూడు తప్పులూ మనవాళ్ళు దాదాపు అందరూ చేసేవే, నేనూ చేశాను. కాకపోతే మూడింటికీ కారణం ఒకటి కాదు. మొదటిది తెలుగు చేయించిన తప్పు. రెండోది తెలుగూ ఇంగ్లీషూ కలిసి చేయించినది. మూడోది అచ్చంగా ఇంగ్లీషు పుణ్యం. అక్కడ తెలుగులో ఆలోచించి ఉంటే ఆ తప్పు మీ దరిదాపులకి వచ్చేది కాదు.

ముందు సామాను చూసుకుందాం. 'నా' అనడానికి మి, 'నీ' అనడానికి తు. అతని, ఆమె, దాని, వాళ్ళ, మర్యాదగా 'మీ', ఇవన్నీ కలిపి ఒక్క సు. వెనకాల వచ్చే వస్తువులు ఒకటికంటే ఎక్కువైతే వీటి చివర స్ చేరుతుంది: మి లీబ్రో నా పుస్తకం, మిస్ లీబ్రోస్ నా పుస్తకాలు. మా, మన అనడానికి న్వెస్త్రో. స్పెయిన్‌లో చనువున్న పదిమందితో 'మీ' అనడానికి బ్వెస్త్రో. ఈ చివరి రెండూ వస్తువు స్త్రీలింగమైతే న్వెస్త్రా, బ్వెస్త్రా అవుతాయి, బహువచనమైతే వీటికీ స్ చేరుతుంది. పలకడానికి మనకి టెన్షన్ అక్కర్లేదు. స్పానిష్ త, ద మన త, ద లాంటివే, ఇంగ్లీషువాళ్ళ ట, డ కాదు. రాసేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త ఉంది. తు అంటే 'నీ' అయినప్పుడు అచ్చు మీద ఏటవాలు గీత ఉండదు, 'నువ్వు' అయినప్పుడు ఉంటుంది. మి కూడా అంతే: 'నా' అయితే గీత లేదు, 'పారా మి' అంటే 'నా కోసం' అన్నప్పుడు గీత పడాలి. చెవికి రెండూ ఒకటే కాబట్టి చెవితో నేర్చుకున్నవాళ్ళు రాతలో ఇక్కడ దొరికిపోతారు.

ఇక మీ రెండో వాక్యం. 'వాళ్ళ' అంటే చాలామంది కదా అని సుస్ పెట్టారు. తెలుగులో అతని, ఆమె, వాళ్ళ అన్న మాటలు సొంతదారుని చూసి మారతాయి, ఇంగ్లీషులోనూ అంతే. స్పానిష్‌లో ఈ మాట సొంతదారు మొహం చూడదు, వస్తువునే చూస్తుంది. ఇల్లు ఒక్కటే అయితే యజమానులు నలుగురున్నా సు కాసా. ఒక్కడికే నాలుగిళ్ళుంటే సుస్ కాసాస్. అలాగే ఇద్దరు మగాళ్ళు కలిసి మాట్లాడుతున్నా న్వెస్త్రా కాసా అనే అంటారు. కాసా స్త్రీలింగం, అన్నది మగాళ్ళన్న సంగతి ఆ మాటకి పట్టదు.

మీకు హిందీ వచ్చా? హైదరాబాదులో పెరిగినవాళ్ళకి నేను ఇది హిందీలోనే చెబుతాను. మేరా ఘర్, మేరీ గాడీ, మేరే దోస్త్. మగవాడైనా మేరీ గాడీ అనే అంటాడు. ఉస్కీ బెహన్ అంటే ఆ చెల్లెలు ఉన్నది అబ్బాయికో అమ్మాయికో ఆ మాటలో ఉండదు. సు ఎర్మానా కూడా సరిగ్గా అంతే. క్లాసులో తెలుగు మాత్రమే వచ్చిన పిల్లలకి వారం పట్టేది, హిందీ వచ్చినవాళ్ళకి అరగంటలో పట్టుబడటం చాలాసార్లు చూశాను.

మొదటి వాక్యానికి వద్దాం. ఇది నాకు బాగా ఇష్టమైన తప్పు, ఎందుకంటే దీనివల్ల నా పరువు ఒకసారి నిండుగా పోయింది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు మాడ్రిడ్ నుంచి ఒకాయన ట్రైనింగ్ ఇవ్వడానికి వచ్చాడు. మధ్యాహ్నం నా క్యారేజీలోంచి దొండకాయ వేపుడు కొంచెం పెడితే ఇష్టంగా తిని, ఎవరు చేశారని అడిగాడు. నేను గర్వంగా 'న్వెస్త్రా ముహేర్' అన్నాను. మా ఆవిడ అని నా ఉద్దేశం. ఆయన స్పూను నోటి దాకా తెచ్చి ఆపేశాడు. 'న్వెస్త్రా? మీయా నో ఎస్' అన్నాడు. అంటే, 'మనదా? నాదైతే కాదు' అని. టేబుల్ చుట్టూ ఉన్న ఏడుగురూ నవ్వారు. మా ఆవిడకి ఈ సంగతి చెప్పడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

జరిగింది ఏమిటంటే, తెలుగులో చుట్టాల్ని, ఇంటిని, ఊరిని మనం ఒంటరిగా సొంతం చేసుకోం. ఒక్కగానొక్క కొడుకైనా 'మా అమ్మ' అనే అంటాడు. నా అమ్మ అంటే పాటలోనో కవితలోనో తప్ప వినబడదు. స్పానిష్‌లో మాట్లాడేది ఒక్కరే అయితే మి మాద్రె, మి కాసా, మి ప్వెబ్లో. న్వెస్త్రా మాద్రె అనాలంటే పక్కన అన్నో చెల్లెలో ఉండాలి, లేదా వాళ్ళని కలుపుకుని మాట్లాడుతూ ఉండాలి. కాబట్టి మీ వాక్యంలో వ్యాకరణం తప్పు కాదు. అది చదివినవాళ్ళకి 'నువ్వూ ఇంకెవరు?' అనే సందేహం వస్తుంది, అంతే. మీకు అన్నదమ్ములు ఉన్నా సరే, మీ గురించి మీరు చెప్పేటప్పుడు మి మాద్రె అనండి. ఇద్దర్నీ కలిపి చెప్పాలంటే మిస్ పాద్రెస్. పాద్రె అంటే తండ్రి కదా, ఇద్దరు తండ్రులా అనుకోకండి, బహువచనంలో అది తల్లిదండ్రులు. మిస్ ఎర్మానోస్ అంటే కూడా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ అందరూ కావచ్చు.

దీనికి ఇంకో కొస కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. స్నేహితుణ్ణి నువ్వు అంటూనే 'మీ అమ్మ ఎలా ఉంది రా?' అని అడుగుతాం. 'నీ అమ్మ' అనం, అంటే గొడవలైపోతాయి. ఆ అలవాటుతో మనవాళ్ళు తు అని పిలిచే మనిషినే 'సు మాద్రె ఎలా ఉంది' అని అడుగుతారు. అవతలివాడికి అది 'ఆమె తల్లి' లాగో, 'వాళ్ళ అమ్మ' లాగో తగిలి, ఎవరి సంగతి అడుగుతున్నాడా అని చూస్తాడు. తు అన్న మనిషికి తు మాద్రె అనే అనాలి. మెక్సికోవాళ్ళతో అయితే తు మామా అనండి. అక్కడ మాద్రె అనే మాట చుట్టూ తిట్లు బోలెడు అల్లుకుని ఉన్నాయి.

ఇంకో సంగతి, న్వెస్త్రోలో మా, మన అనే తేడా లేదు. 'మా ఆఫీసు'లో ఎదుటివాడు లేడు, 'మన ఆఫీసు'లో ఉన్నాడు, స్పానిష్ ఆ రెంటికీ ఒకే మాట వాడుతుంది. నా స్పూను కథలో ఆయనకి 'మా' బదులు 'మన' వినబడింది అందుకే.

మూడో వాక్యం దగ్గర మీరు ఇంగ్లీషుని మధ్యవర్తిగా పెట్టుకున్నారు. అసలు తెలుగులో ఏమంటాం? 'చేతులు కడుక్కుంటాను' అంటాం. నా చేతులు అనం. కడగడం వేరు, కడుక్కోవడం వేరు, ఆ 'కొను'లోనే ఎవరి చేతులో ఉంది. స్పానిష్ చేసేది అదే పని: 'మె లాబో లాస్ మానోస్'. లాబార్ కడగడం, లాబార్సె కడుక్కోవడం. మె అన్నది మన 'కొను' చేసే పని చేస్తుంది, లాస్ మానోస్ అంటే ఊరికే చేతులు. (మానో చివర ఓ ఉన్నా స్త్రీలింగమే, అందుకే లాస్. ఇది బట్టీ పట్టాల్సిందే.) ఇంగ్లీషువాళ్ళు ఈ పాఠం దగ్గర నెలలు కుస్తీ పడతారు. మనకి పుట్టుకతో వచ్చినదాన్ని మనం ఇంగ్లీషు పుస్తకంలోంచి నేర్చుకుని పాడుచేసుకుంటున్నాం.

పొద్దున్న లేచిన దగ్గర్నుంచి చూడండి. పళ్ళు తోముకున్నాను: మె లాబే లోస్ దియెంతెస్. చొక్కా వేసుకున్నాడు: సె పూసో లా కమీసా. కాలు విరగ్గొట్టుకున్నాడు: సె రొంపియో లా పియెర్నా. ఆఖరికి జుట్టు కత్తిరించుకున్నాను, మె కొర్తే ఎల్ పేలో. కత్తిరించింది మంగలి షాపులో మనిషైనా మనం కత్తిరించుకున్నాను అన్నట్టే వాళ్ళూ అంటారు. నొప్పి దగ్గరా ఇదే పోలిక. 'నాకు తల నొప్పిగా ఉంది' అంటాం, స్పానిష్‌లో మె ద్వేలె లా కబేసా. నాకు అన్నాక మళ్ళీ నా తల అనక్కర్లేదు, తల పక్కవాడిది ఎలాగూ కాదు.

ఈ పోలిక అన్నిచోట్లా సాగదు. 'నా పర్సు కొట్టేశారు' అన్నప్పుడు తెలుగులో నా వస్తుంది, స్పానిష్ అక్కడ కూడా 'మె రొబారొన్ లా కర్తేరా' అంటుంది, 'నాకు పర్సు కొట్టేశారు' అన్నట్టు. 'నా చేతులు చల్లగా ఉన్నాయి' అనాలంటే మామూలుగా 'తెంగో లాస్ మానోస్ ఫ్రీయాస్' అంటారు, చేతులు చల్లగా పెట్టుకున్నానన్నట్టు. అలాగని ఒంట్లో భాగాలకి మి, తు ఎప్పుడూ రావనీ కాదు. నీ కళ్ళు బాగుంటాయి అని చెప్పడానికి తుస్ ఓహోస్ అనాల్సిందే, ఎందుకంటే అక్కడ ఎవరి కళ్ళో చెప్పడానికి వాక్యంలో ఇంకో మాట లేదు. నేను పిల్లలకి చెప్పే కొలత ఇదే: మె, తె, సె లాంటి మాట ముందే ఆ మనిషిని పట్టి చూపిస్తే వస్తువు దగ్గర మళ్ళీ మి, తు పెట్టొద్దు.

ఇప్పుడు సు. బుర్ర వేడెక్కిందన్నారు కదా, ఒకసారి తెలుగులో 'తమ' అనే మాట గుర్తు తెచ్చుకోండి. వాళ్ళు తమ ఇల్లు అమ్ముకున్నారు. ఇక్కడ తమ అంటే వాళ్ళ. అదే మాటతో పాతకాలం పెద్దమనిషి 'తమ పేరు?' అని అడిగితే తమ అంటే మీ. మూడో మనిషికి వాడే మాటని మర్యాద కోసం ఎదుటి మనిషికి తిప్పాం. స్పానిష్‌లో జరిగిందీ ఇదే. ఉస్తెద్, అంటే మర్యాదగా మీరు, బ్వెస్త్రా మెర్సెద్ అనే పాత పిలుపు నలిగి నలిగి అయిన మాట. 'తమ అనుగ్రహం' లాంటిది. 'తమ అనుగ్రహం వారు ఎలా ఉన్నారు' అని మూడో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడేవారు కాబట్టి, ఇవాళ్టికీ ఉస్తెద్‌కి క్రియ మూడో మనిషిదే, 'మీ' కూడా మూడో మనిషి సు. ఎవరో తలాతోకా లేకుండా పెట్టిన రూలు కాదిది. 'క్వాల్ ఎస్ సు నోంబ్రె?' అని వినబడినప్పుడల్లా 'తమ పేరు?' అనుకోండి, సుకి మీ అనే అర్థం ఎందుకుందో ఇక మర్చిపోరు.

అయితే తెలుగుకి ఉన్న ఒక వసతి సుకి లేదు. 'హువాన్ తన కారు కడిగాడు', 'హువాన్ అతని కారు కడిగాడు', ఈ రెంటికీ తేడా మనకి చప్పున తెలుస్తుంది. మొదటిది సొంత కారు, రెండోది ఇంకొకడిది. లాటిన్‌లో కూడా ఈ రెంటికీ వేరే మాటలు ఉండేవి, తనకి సువుస్, అతనికి ఎయుస్. స్పానిష్‌కి వచ్చేసరికి మొదటిదే మిగిలి అన్ని పనులూ దాని నెత్తిన పడ్డాయి. అందుకే 'హువాన్ ఆనాతో సు ఎర్మానో వచ్చాడని చెప్పాడు' అంటే వచ్చినవాడు హువాన్ తమ్ముడా, ఆనా తమ్ముడా, నేను 'మీరు' అని పిలుస్తున్న ఎదుటి మనిషి తమ్ముడా, ఆ ఒక్క వాక్యంలో తేలదు. తేల్చాలంటే సు తీసేసి విప్పి చెప్పాలి: ఎల్ ఎర్మానో దె ఆనా, లేదా దె ఎయా. అతని అయితే దె ఎల్, వాళ్ళ అయితే దె ఎయోస్, మీ అయితే దె ఉస్తెద్. 'రవి కారు' కూడా ఇలాగే, ఎల్ కోచె దె రవి, తెలుగుని తిరగేసినట్టు.

ఎప్పుడు విప్పాలి అంటే, ఎదురుగా మీరు అని పిలిచే మనిషి ఉండి, మీరు మాట్లాడేది మూడో మనిషి గురించి అయినప్పుడు తప్పకుండా. ఒకసారి మెక్సికో నుంచి ఒకావిడ తండ్రి అకౌంటు గురించి ఫోన్ చేసింది. నేను సు క్వెంతా, సు క్వెంతా అంటూ పాస్‌వర్డు మార్చే దారి చెబుతున్నాను, ఆయన అకౌంటు అనుకుంటూ. ఆవిడ శుభ్రంగా తన అకౌంటు తెరిచి తన పాస్‌వర్డు మార్చేసుకుంది. ఎదురుగా ఉన్న మనిషికి సు అంటే ముందు తట్టేది 'మీ' అనే అర్థమే. లా క్వెంతా దె సు పాపా అని ఉంటే ఆ కాల్ అయిదు నిమిషాల్లో అయిపోయేది, ఇరవై అయిదు పట్టింది. ఇలాంటి చోట తప్ప మిగతా అన్నిచోట్లా సు సరిపోతుంది, ముందు మాటల్ని బట్టి ఎవరిదో తెలిసిపోతుంది. ప్రతి సుకీ దె ఎల్, దె ఎయా పెట్టుకుంటూ పోతే మీ స్పానిష్ దస్తావేజులా ఉంటుంది.

మెక్సికోవాళ్ళ మర్యాద ఒకటి చెప్పకుండా ఉండలేను. కొందరు తమ ఇంటి గురించి మాట్లాడుతూనే సు కాసా అంటారు, 'మీ ఇల్లు ఫలానా వీధిలో ఉంది, ఎప్పుడైనా రండి' అని. మొదటిసారి విన్నప్పుడు, ఆ వీధిలో నాకో ఇల్లు ఉందని నాకే తెలియదే అనుకున్నాను. 'మా ఇల్లు మీ ఇల్లే అనుకోండి' అనడంలో వాళ్ళు మనకంటే ఒక మెట్టు ముందే ఉన్నారు.

మీరు అడగలేదు గానీ, నాది, నీది అనే మాటలు కూడా ఇక్కడే చెప్పేస్తాను, మీ సిలబస్‌లో తర్వాతి పాఠం అదే అయ్యుంటుంది. నాది మీయో, నీది తూయో, అతనిది మొదలైనవన్నీ సూయో. ఇవన్నీ వస్తువుని బట్టి లింగం, వచనం రెండూ మారతాయి: మీయో, మీయా, మీయోస్, మీయాస్. ఇందులో అందరూ తడబడేది ఎస్ మీయో, ఎస్ ఎల్ మీయో అనే రెంటి మధ్య. తెలుగులో పెట్టి చూడండి. 'ఈ గొడుగు ఎవరిది?' అంటే 'నాది', అది ఎస్ మీయో. నాలుగు గొడుగులు ఒకేచోట ఉంటే 'వీటిలో నీది ఏది?' అని అడిగితే 'నాది ఇదిగో ఇది', అది ఎస్తె ఎస్ ఎల్ మీయో. సొంతమా కాదా అన్నది మొదటిది, వాటిల్లో ఏది అన్నది రెండోది.

ఉన్ అమీగో మీయో అంటే 'నా ఫ్రెండ్ ఒకడు'. మి అమీగో అంటే ఎవరో మీ ఇద్దరికీ ముందే తెలిసిన ఆ ఫ్రెండ్. కథ మొదలుపెట్టేటప్పుడు 'నా ఫ్రెండ్ ఒకడు ఉన్నాడు' అంటాం కదా, ఆ చోటికి మొదటిది సరిపోతుంది. పిలుపుల్లోనూ ఇది వెనక చేరుతుంది: దియోస్ మీయో అంటే మన 'ఓరి దేవుడో', ఈహో మీయో అంటే 'నాయనా'. దెత్రాస్ మీయో, అంటే 'నా వెనక', అని అర్జెంటీనా, స్పెయిన్ రెండుచోట్లా జనం నోట వింటారు. వినండి, కానీ పరీక్షలో రాయకండి. దెత్రాస్ దె మి అని రాయండి, గీత పెట్టి.

చివరికి బ్వెస్త్రో నేర్చుకోవాలా వద్దా అని కింద కామెంట్లలో ఒకరు అడిగారు. మెక్సికో, కొలంబియా, పెరూ వాళ్ళతో పనైతే చూస్తే గుర్తుపట్టేంత చాలు. అక్కడ పదిమందితో మాట్లాడితే అందరూ ఉస్తేదెస్, కాబట్టి సు, లేదా దె ఉస్తేదెస్. అర్జెంటీనాలో నువ్వు అనడానికి బోస్ అంటారు గానీ 'నీ' మాత్రం తు అనే మిగిలింది. మీరు వెళ్ళేది వాలెన్సియాకి కాబట్టి మీకు తప్పదు. పక్కగది కుర్రాళ్ళని సు కాసా అంటే వాళ్ళు మీరు ఇంకెవరి ఇంటి గురించో మాట్లాడుతున్నారనుకుంటారు. ఇన్‌స్తితూతో సెర్బాంతెస్ అనే స్పెయిన్ సర్కారు సంస్థ పెట్టే దేలె అనే స్పానిష్ పరీక్షలో ఏ దేశపు వాడుకైనా ఒప్పుకుంటారు, కాకపోతే ఒకే ఉత్తరంలో సగం బ్వెస్త్రో, సగం సు పెట్టి కలగాపులగం చేయకూడదు.

అద్దె ఇంటాయనకి ఏమని మెసేజ్ పెట్టాలి అన్నారు కదా. మొదటిదానిలో సు పెట్టండి: సు పీసో, అంటే మీ ఫ్లాటు. ఆయన జవాబులో తు అని రాస్తే, చాలావరకు అలాగే రాస్తాడు, ఆ తర్వాత నుంచి మీరూ తు అనే రాయండి, క్రియలు కూడా దానికి తగ్గట్టు మార్చుకుని. తండ్రి వయసువాణ్ణి నువ్వు అనడానికి మనకి నోరు పెగలదు, నాకూ పెగల్లేదు. కానీ ఆయన తు అన్నాక కూడా మీరు ఉస్తెద్ పట్టుకుని వేలాడితే, ఏదో కోపం మీద ఉన్నారనుకుంటాడు.